బిడ్డ నడుస్తాడా? జవాబు ఉంది, చెప్పేవారే తక్కువ

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఎత్తుకుని డాక్టరు ముందు కూర్చున్న తల్లిదండ్రులు మొదట అడిగేది ఎక్కడైనా ఒకటే: ‘మా వాడు నడుస్తాడా?’ ఢాకాలో అడిగినా, పాట్నాలో అడిగినా, కర్నూలులో అడిగినా వాళ్లకు తరచుగా దొరికే మాట కూడా ఒకటే: ‘ఫిజియోథెరపీ చేయిస్తూ ఉండండి, చూద్దాం.’ ఇది అబద్ధం కాదు. అలాగని జవాబూ కాదు.

ఇంతకంటే మెరుగైన జవాబు వైద్యశాస్త్రం దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఉంది. రెండేళ్లు నిండిన బిడ్డను పద్ధతిగా పరీక్షిస్తే, ఆ బిడ్డ పెద్దయ్యాక తనంతట తాను నడుస్తుందా, వాకర్ పట్టుకుని నడుస్తుందా, చక్రాల కుర్చీలో తిరగాల్సి వస్తుందా అన్నది చాలావరకు ముందే చెప్పవచ్చు. దక్షిణాసియాలో ఈ అంచనా కుటుంబాల దాకా రావడం లేదు. దీన్ని వైద్యంలో ఒక చిన్న లోటుగా చూడటానికి వీల్లేదు. ఇంటి డబ్బు ఎటు పోతుంది, బిడ్డ బాల్యం ఎలా గడుస్తుంది, బడి దక్కుతుందా లేదా అన్నవన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి.

ఒకే పేరు, ఎన్నో స్థితులు

ఎదుగుతున్న మెదడుకు కడుపులోనో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలినాళ్లలోనో జరిగిన నష్టం వల్ల కదలికల్లో, ఒంటి నిలకడలో జీవితాంతం ఉండిపోయే ఇబ్బందిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరాడకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడుకు సోకే ఇన్‌ఫెక్షన్లు ప్రధాన కారణాల్లో కొన్ని. మెదడులో జరిగిన నష్టం పెరగదు. కానీ బిడ్డ పెరిగేకొద్దీ కండరాల మీద, కీళ్ల మీద దాని ప్రభావం మారుతూ ఉంటుంది.

సంపన్న దేశాల్లో ఇప్పుడు వెయ్యి జననాలకు సుమారు 1.6 మందిలో ఇది కనిపిస్తోంది. భారతదేశంలో జరిగిన పలు అధ్యయనాలను కలిపి 2019లో ప్రచురించిన విశ్లేషణ వెయ్యి మంది పిల్లలకు 2.95 అని తేల్చింది. మన జనాభాతో లెక్క వేసుకుంటే, ఇది అరుదైన జబ్బు కాదని తెలుస్తుంది. ప్రతి మండలంలో, దాదాపు ప్రతి పెద్ద ఊరిలో ఇలాంటి పిల్లలు ఉంటారు.

వీళ్లందరికీ పేరు ఒకటే అయినా స్థితి ఒకటి కాదు. ఒక చేయి, ఒక కాలు కాస్త బిగుసుకుని పరుగు పందెంలో మాత్రమే వెనకబడే బిడ్డకూ ఇదే పేరు, పదేళ్లొచ్చినా మెడ నిలపలేని బిడ్డకూ ఇదే పేరు. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2012లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఈ పిల్లల్లో ముగ్గురిలో ఒకరు నడవలేరు. అంటే ముగ్గురిలో ఇద్దరు ఏదో ఒక రీతిలో నడుస్తారు. ‘సెరిబ్రల్ పాల్సీ’ అన్న మాట వినగానే అంతా అయిపోయిందని కుప్పకూలే కుటుంబాలకు ఈ ఒక్క లెక్క కూడా ఎవరూ చెప్పరు.

అంచనా ఎలా వేస్తారు?

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పాలిసానో, పీటర్ రోజెన్‌బామ్, వారి సహచరులు 1997లో ఒక వర్గీకరణ తయారు చేశారు. దాని పేరు గ్రాస్ మోటార్ ఫంక్షన్ క్లాసిఫికేషన్ సిస్టమ్, పొట్టిగా జీఎంఎఫ్‌సీఎస్. బిడ్డ రోజువారీగా తనంతట తాను ఏం చేస్తోందో చూసి ఐదు స్థాయిల్లో ఒకదానిలో చేరుస్తారు. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చూసే కన్ను, కాస్త శిక్షణ ఉంటే చాలు.

మొదటి స్థాయి పిల్లలు మామూలుగానే నడుస్తారు, వేగంలో, నిలకడలో మాత్రం తేడా ఉంటుంది. రెండో స్థాయి వాళ్లు ఊతం లేకుండా నడుస్తారు కానీ ఎగుడుదిగుడు నేల మీద, జనం మధ్య, ఎక్కువ దూరాలకు ఇబ్బంది పడతారు. మూడో స్థాయి వాళ్లకు చేతికర్రలో, వాకరో కావాలి. నాలుగో స్థాయి వాళ్లు ఇంట్లో నాలుగడుగులు వేసినా బయట తిరగడానికి చక్రాల కుర్చీ కావాలి. ఐదో స్థాయి పిల్లలకు తల, నడుము నిలపడమే కష్టం, ఎక్కడికి వెళ్లాలన్నా వేరొకరు తీసుకెళ్లాలి.

ఈ వర్గీకరణకు అసలు విలువ 2002లో వచ్చింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 657 మంది పిల్లలను కొన్నేళ్లపాటు పదే పదే పరీక్షించి, ఒక్కో స్థాయికి ఒక్కో ఎదుగుదల రేఖ గీశారు. అంగన్‌వాడీలో బరువు నమోదు చేసే చార్టు లాంటిదే ఇదీ. బరువుకు బదులు పొర్లడం, కూర్చోవడం, నిలబడటం, నడవడం వంటి 66 పనుల్లో బిడ్డ సాధించిన ప్రగతిని చూపుతుంది. అందులో బయటపడిన ముఖ్య విషయం: కదలికల విషయంలో ఈ పిల్లలు తమకు సాధ్యమైనదానిలో 90 శాతాన్ని చాలా చిన్న వయసులోనే అందుకుంటారు. మొదటి స్థాయి పిల్లలకు సగటున 4.8 ఏళ్లు పడితే, ఐదో స్థాయి పిల్లలకు 2.7 ఏళ్లే. మిగతా స్థాయులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి.

వర్గీకరణ తెలియని చోట కూడా వైద్యులు చూడదగ్గ గుర్తులు కొన్ని 1970ల నుంచే పుస్తకాల్లో ఉన్నాయి. రెండేళ్లకల్లా ఆసరా లేకుండా కూర్చోగలిగిన పిల్లల్లో అత్యధికులు ఏదో ఒక విధంగా నడుస్తారు. నాలుగేళ్లు వచ్చినా కూర్చోలేని పిల్లలు నడవడం చాలా అరుదు. ఒంటికి ఒకవైపు మాత్రమే బిగుతు ఉన్న పిల్లలు దాదాపు అందరూ నడుస్తారు. కాళ్లలోనే ఎక్కువ బిగుతు ఉన్నవాళ్లలో చాలామంది నడుస్తారు, కొందరికి ఊతం కావాలి. నాలుగు కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లల్లో నడిచేవాళ్లు తక్కువ. 2004లో కాలిఫోర్నియా పిల్లల మీద వచ్చిన అధ్యయనం మరికొన్ని సంకేతాలను జోడించింది. చూపు ఉండటం, తన చేత్తో తాను తినగలగడం కూడా మంచి సూచనలేనని అది చెప్పింది.

ఇది జాతకం కాదు

ఈ అంచనాకు హద్దులున్నాయి. వాటిని దాచిపెట్టి చెబితే మేలు కంటే కీడే ఎక్కువ.

మొదటి హద్దు వయసు. రెండేళ్లలోపు ఇచ్చిన స్థాయి నిలకడగా ఉండదు. పసితనంలో వర్గీకరించిన పిల్లలను రెండేళ్లు దాటాక మళ్లీ చూస్తే సుమారు 40 శాతం మందికి స్థాయి మారినట్టు కెనడా, నెదర్లాండ్స్ పరిశోధకుల అధ్యయనం 2009లో చూపింది. కాబట్టి ఆరు నెలల పసికందును చూసి ‘వీడిక నడవడు’ అని తీర్పు చెప్పే వైద్యుడు శాస్త్రం చెప్పని మాట చెబుతున్నట్టే. మూడు నుంచి ఐదు నెలల వయసులో పసిబిడ్డ కదలికలను వీడియో తీసి పరిశీలించే ప్రెక్టెల్ పద్ధతి, ఎంఆర్ఐ, నాడీ పరీక్ష కలిపితే ఆరు నెలల లోపే సెరిబ్రల్ పాల్సీని గుర్తించవచ్చని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. కానీ జబ్బును గుర్తించడం వేరు, నడకను అంచనా వేయడం వేరు. మొదటి పని నెలల వయసులో జరగాలి. రెండోదాన్ని రెండేళ్లకు ఖాయపరచుకోవాలి.

రెండో హద్దు, ఆ రేఖలు సగటులు. ఒకే స్థాయిలోని పిల్లలందరూ ఒకే గీత మీద నడవరు, కాస్త పైనా కిందా ఉంటారు.

మూడోది మనకు మరీ ముఖ్యం. ఒంటారియో పిల్లలకు థెరపీ, పోషకాహారం, ఊతపరికరాలు అందుబాటులో ఉన్నాయి. ఇవేవీ లేని చోట మూడో స్థాయి బిడ్డ కీళ్లు బిగుసుకుపోయి, బరువు తగ్గి, ఆ రేఖ కంటే చాలా కింద ఆగిపోవచ్చు. అంటే ఆ చార్టు మన పిల్లలకు తలరాత కాదు. సరైన సాయం అందితే వాళ్లు ఎక్కడి దాకా రాగలరో చూపే కొలబద్ద.

ఐదేళ్ల రెండు నెలలు

ఈ కొలబద్దను పక్కన పెట్టుకుని మన పొరుగు దేశపు లెక్క చూద్దాం. బంగ్లాదేశ్‌లో 2015 నుంచి సెరిబ్రల్ పాల్సీ రిజిస్టర్ నడుస్తోంది. సిరాజ్‌గంజ్ జిల్లా షాజాద్‌పూర్ ప్రాంతంలో, ఊళ్లలో అందరికీ తెలిసిన వ్యక్తుల సాయంతో పిల్లలను వెతికి నమోదు చేశారు. రెండేళ్లలో 726 మంది కనిపించారు. వెయ్యి మంది పిల్లలకు 3.4 అన్నమాట. ఆ పిల్లలకు జబ్బు పేరు తెలిసిన సగటు వయసు ఐదేళ్ల రెండు నెలలు. వాళ్లలో 78.2 శాతం మంది ఎన్నడూ ఎలాంటి పునరావాస చికిత్సా పొందలేదు.

రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. తేలికపాటి స్థాయి పిల్లలు కూడా తమకు సాధ్యమైన కదలికల్లో 90 శాతం అందుకునే వయసు ఐదేళ్ల లోపు. షాజాద్‌పూర్‌లో ఆ కిటికీ మూసుకున్న తర్వాత కానీ జబ్బు పేరే తెలియడం లేదు.

భారత్‌లో ఇంత సమగ్రమైన జాతీయ రిజిస్టర్ లేదు. కానీ గుర్తించడానికి కావలసిన యంత్రాంగం కాగితం మీద బంగ్లాదేశ్ కంటే ఎంతో పెద్దది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి పరీక్షించాలి. కదలికల లోపాలు ఆ పరీక్షల జాబితాలోనే ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన 42 రోజుల దాకా, ఆ తర్వాత మూడో నెల నుంచి పదిహేనో నెల వరకు మూడు నెలలకోసారి ఇంటికి వెళ్లాలి. జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశు ప్రత్యేక విభాగాల నుంచి ఇంటికి వెళ్లిన పిల్లలను కొనసాగింపుగా చూడాలి. సికింద్రాబాద్‌తో సహా 14 చోట్ల కేంద్ర ప్రభుత్వం 2021లో సత్వర చికిత్సా కేంద్రాలను ప్రారంభించింది.

ఈ గొలుసులో లింకులన్నీ ఉన్నాయి. లేనిది ఆ చివరి మాట: ‘మీ బిడ్డది ఫలానా స్థాయి. అంటే ఇంత వరకు సాధ్యం. దానికి ఇది చేయాలి.’ సదరం శిబిరంలో బిడ్డకు శాతం వస్తుంది. ఆ శాతం 40 దాటితే పింఛనుకూ రాయితీలకూ తలుపు తెరుచుకుంటుంది. ఆ కాగితం అవసరమే. కానీ బిడ్డ రేపు ఎలా తిరుగుతుందో శాతం చెప్పదు, స్థాయి చెబుతుంది.

మౌనం మీద నడిచే వ్యాపారం

ఎవరూ ఏమీ చెప్పని చోట ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్ముతారు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు, ఆక్సిజన్ చాంబర్లు, ఊరు దాటించే ప్యాకేజీలు అలా పుట్టుకొచ్చినవే. అప్పు చేసి, పొలం అమ్మి వెళ్లే కుటుంబాలను మూర్ఖులనడం అన్యాయం. వాళ్ల ముందు మరో దారి ఎవరూ పెట్టలేదు.

ఈ వ్యాపారం నిలబడేది కూడా ఆ ఎదుగుదల రేఖ మీదే. రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య ఈ పిల్లల్లో చాలామంది ఏదో ఒక కొత్త పని నేర్చుకుంటారు. మూడేళ్లప్పుడు ఇంజెక్షన్ చేయించిన బిడ్డ మూడున్నరేళ్లకు పట్టుకుని నిలబడితే, ఆ ఘనత ఇంజెక్షన్ ఖాతాలో పడుతుంది. ఏ మందూ లేకపోయినా ఆ స్థాయి బిడ్డ ఆ వయసుకు నిలబడేదే అన్న సంగతి రేఖ తెలిసినవాళ్లకు తప్ప తెలియదు. అంచనా చేతిలో ఉన్న తల్లి ‘ఇది మీ మందు వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా?’ అని అడగగలదు.

కెనడాలోనే ఇందుకు గట్టి ఉదాహరణ ఉంది. ఆక్సిజన్ చాంబర్ చికిత్సను 111 మంది పిల్లల మీద పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. ఒక జట్టుకు ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్, రెండో జట్టుకు కాస్త ఒత్తిడి పెంచిన మామూలు గాలి ఇచ్చారు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి, ఒకే మేరకు. పోల్చడానికి రెండో జట్టు లేకపోయి ఉంటే ఆ మెరుగుదల అంతా ఆక్సిజన్ పేరు మీద చెలామణి అయ్యేది.

స్టెమ్ సెల్స్ విషయంలో మన జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో విడుదల చేసిన పత్రం ప్రకారం, ఆమోదించిన రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా వాడకమంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌కే పరిమితం. మార్గదర్శకం ఉన్నంత మాత్రాన బాధిత కుటుంబానికి అది తెలియదు. తెలియాలంటే నమ్మకమైన వైద్యుడు ఎదురుగా కూర్చుని చెప్పాలి.

నడవకపోతే ఏం చేయాలో చెప్పేదీ ఇదే

నడక అంచనా అసలు ఉపయోగం ‘అవును, కాదు’ అని చెప్పడంలో లేదు. ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పడంలో ఉంది.

తుంటి కీలు సంగతే తీసుకోండి. ఆస్ట్రేలియాలో 2006లో వచ్చిన అధ్యయనంలో తుంటి పక్కకు జరగడం మొదటి స్థాయి పిల్లల్లో ఒక్కరిలోనూ కనిపించలేదు. ఐదో స్థాయిలో మాత్రం 90 శాతం మందిలో కనిపించింది. జరిగిన తుంటి నొప్పి పెడుతుంది, కూర్చోనివ్వదు, ఒళ్లు శుభ్రం చేయడమూ కష్టమవుతుంది. క్రమం తప్పక ఎక్స్‌రే తీస్తే ముందే పట్టుకోవచ్చు. భారతీయ వైద్యులు కూడా 2022లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చారు. ఎవరికి ఎన్నాళ్లకోసారి ఎక్స్‌రే తీయాలో నిర్ణయించేది బిడ్డ స్థాయే. స్థాయి నమోదు కాని చోట ఆ మార్గదర్శకాన్ని ఎలా అమలు చేస్తారు?

థెరపీ సంగతీ అంతే. రెండో స్థాయి బిడ్డకు మెట్లెక్కడం, బడి ఆవరణలో తిరగడం సాధన చేయించాలి. నాలుగో స్థాయి బిడ్డను ఏళ్ల తరబడి రెండు చేతులా పట్టుకుని ‘నడిపించడం’ కంటే, సరిపోయే కుర్చీ ఇప్పించి దాన్ని తనే తోసుకునేలా నేర్పడం ఆ బిడ్డకు నిజమైన స్వేచ్ఛ. నడవడం రాకపోతుందేమోనన్న భయంతో చక్రాల కుర్చీని వాయిదా వేసే ఇళ్లలో, అమ్మ నడుము బలం ఉన్నన్నాళ్లే బిడ్డకు బయటి ప్రపంచం.

యుక్తవయసు గురించీ ముందే తెలిసి ఉండాలి. 2009లో వచ్చిన తదుపరి అధ్యయనం ప్రకారం మొదటి రెండు స్థాయిల పిల్లలు సాధించినదాన్ని నిలుపుకుంటారు. మూడు, నాలుగు, ఐదు స్థాయిల పిల్లల్లో ఏడెనిమిదేళ్ల తర్వాత సగటున కొంత తగ్గుదల ఉంటుంది. ఒళ్లు పెరుగుతుంది, కండరాలు అంతగా పెరగవు. పన్నెండేళ్ల అమ్మాయి వాకర్ వదిలి బడికి చక్రాల కుర్చీలో వెళతానంటే అది సోమరితనం కాదు, చికిత్స విఫలమవడమూ కాదు. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలు ఇంట్లో తిట్లు తింటున్నారో!

ఆశను చంపుతామా?

నిజం చెబితే తల్లిదండ్రులు ఆశ వదులుకుంటారని, థెరపీ మానేస్తారని చాలామంది వైద్యులు భయపడతారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. మన సమాజంలో ‘నడవడు’ అన్న మాటను ‘పనికిరాడు’ అని వినేవాళ్లు తక్కువేమీ కాదు. స్థాయి సంఖ్యను చూపి బడిలో చేర్చుకోమనే హెడ్మాస్టర్లు, నాలుగు, ఐదు స్థాయిలంటూ థెరపీ గంటలు కోసేసే అధికారులు రారని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపై వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. నడక స్థాయి ఆ హక్కుకు షరతు కాదు, కాకూడదు.

నడక గురించి చెప్పిన అంచనా జీవితం గురించి చెప్పిన అంచనా కాదు. చక్రాల కుర్చీలో తిరుగుతూ, ఒక్క వేలితో టైపు చేస్తూ చదువుకున్న ముంబయి రచయిత్రి మాలినీ చిబ్ తన ఆత్మకథకు ఆ వేలి పేరే పెట్టారు. ఆమె తల్లి మిథూ అలూర్ 1972లో ముంబయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. కూతురికి చదువు అందడానికి నడక అవసరం లేదని గ్రహించిన తల్లి ఆమె. ఎదుగుదల రేఖలు గీసిన రోజెన్‌బామ్ కూడా తర్వాతి కాలంలో వైద్యుల దృష్టిని నడక మీద నుంచి బిడ్డ చేయగల పనులు, కుటుంబం, స్నేహాలు, ఆటపాటలు, భవిష్యత్తు వైపు తిప్పడానికి కృషి చేశారు.

ఆశను చంపేది అంచనా కాదు, నెరవేరని హామీ. ఏటా ‘వచ్చే ఏడాది నడుస్తాడు’ అని విని, పదేళ్లకు అలసిపోయి ఇంట్లో కూర్చోబెట్టే కుటుంబానికి చివరికి మిగిలేది అప్పు, అపరాధ భావన.

చేయదగ్గవి

వీటిలో ఏదీ వేల కోట్ల పని కాదు. నవజాత శిశు విభాగం నుంచి వెళ్లిన ప్రతి బిడ్డను మూడు నెలలకు, ఆరు నెలలకు కదలికల కోసం ప్రత్యేకంగా చూడాలి. జబ్బు గుర్తించిన ప్రతి బిడ్డకు రెండేళ్లు దాటాక స్థాయిని నిర్ధారించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రం రికార్డులోనూ, తల్లి దగ్గరుండే మాతా శిశు సంరక్షణ కార్డులోనూ రాయాలి. దాన్ని ఇంటి భాషలో, ఇద్దరు తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి, ఒక్కసారితో సరిపెట్టకుండా వివరించాలి. ఆ స్థాయిని బట్టి తుంటి ఎక్స్‌రే, ఊతపరికరం, బడి ఏర్పాట్లు వాటంతట అవే మొదలయ్యేలా చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయి భవిత కేంద్రాల్లోని ఫిజియోథెరపిస్టులకు ఈ వర్గీకరణలో శిక్షణ ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.

బంగ్లాదేశ్ తరహాలో ఊరి మనుషుల సాయంతో పిల్లలను వెతికే రిజిస్టర్ కనీసం కొన్ని జిల్లాల్లోనైనా మొదలవ్వాలి. ఒంటారియో పిల్లల రేఖలతో పోలిస్తే మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు ఆగిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది. ఆ తేడాలో మెదడు వాటా ఎంత, మన నిర్లక్ష్యం వాటా ఎంత అన్నది కూడా అప్పుడే తేలుతుంది.